ఆకు కాని ఆకు, రేకు కాని రేకు

ఉప్పల్, నాచారం వైపు పార్కుల్లోనూ, ఇళ్ల ముందూ కొమ్మలు కిందికి వాలిన ఒక చిన్న చెట్టును మీరు చూసే ఉంటారు. దాని ఎర్రని పూలు అచ్చం సీసాలు కడిగే బ్రష్షుల్లా వేలాడుతుంటాయి. అందుకే దీనికి బాటిల్ బ్రష్ అని పేరు. దీని పుట్టిల్లు తూర్పు ఆస్ట్రేలియా.

ఆ బ్రష్షు ఒక్క పువ్వు కాదు. ఎన్నో పూలున్న కంకి. మరి అందులో ఎర్రగా కనిపించేవి రేకులేనా? ఒక పువ్వును తుంచి చూడండి. అడుగున చిన్న గిన్నెలాంటి భాగం ఉంటుంది. దాని అంచున ఐదు రక్షకపత్రాలు, ఐదు ఆకర్షణపత్రాలు ఉంటాయి. రెండూ చాలా చిన్నవి, త్వరగా రాలిపోతాయి. లోపలి నుంచి పొడుచుకు వచ్చిన ఎర్రని దారాలను వేలితో తాకితే పుప్పొడి అంటుతుంది. పుప్పొడి ఉండేది కేసరాల్లోనే కదా! అంటే ఆ అందమంతా కేసరాలదే. జామపువ్వులోనూ కేసరాలు ఇలాగే గుత్తుగా ఉంటాయి. జామ, నేరేడు, బాటిల్ బ్రష్ ఒకే కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబం పేరు మిర్టేసీ.

ఎరుపు రంగు పక్షులకు బాగా కనిపిస్తుంది. తేనె కోసం వచ్చిన పక్షి తలకు పుప్పొడి అంటుకుని మరో పువ్వుకు చేరుతుంది. మన దగ్గర ఈ పని తేనెపిట్టలు చేస్తాయి.

ఇక ఆస్ట్రేలియా తుమ్మ సంగతి. మన నల్లతుమ్మ ఆకులో సన్నని పత్రకాలు ఎన్నో ఉంటాయి. దీనికి మాత్రం కొడవలిలా వంగిన పెద్ద ఆకులున్నాయే, ఎందుకు? జవాబు దాని మొలకలో దొరుకుతుంది. మొలక తొలి ఆకుల్లో నల్లతుమ్మకు మల్లే పత్రకాలే ఉంటాయి. తర్వాత వచ్చే ఆకుల్లో కాడ వెడల్పవుతూ, పత్రకాలు తగ్గుతూ పోతాయి. చివరికి కాడ ఒక్కటే మిగులుతుంది. మనం ఆకు అనుకున్నది నిజానికి ఆకుకాడ! దీన్ని ఫిల్లోడ్ అంటారు. ఆకుపచ్చగా ఉంటుంది కనుక ఆహారం తయారుచేస్తుంది. దళసరిగా ఉంటుంది కనుక నీటిని పొదుపు చేస్తుంది.

కాబట్టి మొక్కలో ఒక భాగానికి పేరు పెట్టాలంటే దాని రంగు, ఆకారం చూస్తే చాలదు. అది ఎక్కడ పుట్టింది, ఏ పని చేస్తున్నది, లేతప్పుడు ఎలా ఉండేది అని కూడా చూడాలి.

ఇప్పుడు మీకో ప్రశ్న. కాగితం పూలచెట్టుకు గులాబీ రంగులో కనిపించేవి రేకులేనా? వాటి మధ్యనున్న సన్నని గొట్టాలను విప్పి చూసి మీరే తేల్చండి.