లియాన్ నుంచి ఊటీ దాకా: పశువైద్య విద్యార్థుల దేశాంతర చదువులు

ప్రపంచంలో తొలి పశువైద్య కళాశాల ఫ్రాన్సులోని లియాన్ నగరంలో పుట్టింది. 1761లో రాజాజ్ఞ వెలువడింది, మరుసటి ఏడాది పాఠాలు మొదలయ్యాయి. స్థాపకుడు క్లాడ్ బూర్జెలా అంతకుముందు గుర్రపుస్వారీ నేర్పే శిక్షణశాల నడిపినవాడు. ఆ రోజుల్లో ముసర వ్యాధి యూరప్‌లో పశువుల మందలను ఊడ్చిపెడుతోంది. అందుకే కాలేజీ తెరవగానే పొరుగు రాజ్యాలు తమ కుర్రాళ్ళను అక్కడికి పంపాయి. 1763లో డెన్మార్క్ నుంచి వెళ్ళిన అబిల్గార్డ్ తిరిగొచ్చి 1773లో కోపెన్‌హేగన్‌లో కళాశాల పెట్టాడు. జీవులకు శాస్త్రీయ నామాల పద్ధతి ఇచ్చిన లినేయస్ స్వీడన్ నుంచి తన శిష్యుడు హెర్న్‌క్విస్ట్‌ను పంపాడు. అతను 1775లో స్కారాలో పాఠశాల తెరిచాడు. పరదేశం వెళ్ళి నేర్చుకోవడం ఈ విద్యకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

లియాన్‌లో చదివిన ఇంగ్లిషువాడు విలియం మూర్‌క్రాఫ్ట్. 1808లో ఈస్టిండియా కంపెనీ గుర్రాల పెంపక కేంద్రం చూసుకోవడానికి బీహార్‌లోని పూసాకు వచ్చాడు. మంచి జాతి గుర్రాల కోసం వెతుకుతూ బుఖారా దాకా వెళ్ళి, తిరుగు దారిలో 1825లో కన్నుమూశాడు.

సాల్మొనెల్లా సూక్ష్మజీవికి ఆ పేరు డేనియల్ సాల్మన్ అనే పశువైద్యుడి మీదుగా వచ్చింది. అమెరికాలో తొలిసారి డి.వి.ఎం. (డాక్టర్ ఆఫ్ వెటర్నరీ మెడిసిన్) పట్టా అందుకున్నది ఆయనే, 1876లో, కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి. విద్యార్థిగా ఆయన కొంతకాలం పారిస్ దగ్గరి ఆల్ఫోర్ కళాశాలలో చదువుకున్నాడు.

మన గడ్డకు దగ్గరి కథ ఇంకోటి ఉంది. 1920లో మన దేశం నుంచి బ్రెజిల్‌కు ఓడలో వెళ్తున్న మూపురం పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో ఆగాయి. వాటితోపాటు ముసర వ్యాధి దిగింది. ఆ దెబ్బతో దేశాలన్నీ కూడబలుక్కున్నాయి. 1924లో 28 దేశాలు పారిస్‌లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థకు పునాది వేశాయి. ఆ వ్యాధి భూమ్మీద లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో వ్యాధి ఇదే. ఇప్పుడు అదే సంస్థ, కొత్తగా పట్టా తీసుకున్న పశువైద్యుడికి తొలిరోజే ఏమేమి వచ్చి ఉండాలో చెబుతూ, వేర్వేరు దేశాల కళాశాలలను జతకడుతోంది. బ్రెజిల్ సంగతికొస్తే, అక్కడి మాంసపు పశువుల్లో అత్యధికం మన ఒంగోలు జాతి సంతతి. 1960లలో వెళ్ళిన ఒక ప్రసిద్ధ ఆబోతుకు ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరే ఉంది. పశు పునరుత్పత్తి శాస్త్రం మీద మక్కువ ఉన్న మన విద్యార్థులు అమెరికా, ఆస్ట్రేలియాలతోపాటు బ్రెజిల్ వైపూ చూడాలని నా గట్టి అభిప్రాయం.

పరదేశి పునాది వేసిన చోటు దక్షిణాఫ్రికాలోనూ ఉంది. ఆ దేశంలో పశువైద్యం నేర్పే విశ్వవిద్యాలయ విభాగం ఒక్కటే, ప్రిటోరియా దగ్గరి ఆండర్‌స్టెపోర్ట్‌లో. అక్కడి పరిశోధనశాలను 1908లో స్థాపించిన ఆర్నాల్డ్ థైలర్ స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చినవాడు. ఆయన కొడుకు మాక్స్ పచ్చజ్వరం టీకాకు 1951లో నోబెల్ అందుకున్నాడు.

రాకపోకలు ఒకవైపే కాదు. ఊటీలోని వరల్డ్‌వైడ్ వెటర్నరీ సర్వీస్ శిక్షణ కేంద్రానికి విదేశీ విద్యార్థులు వచ్చి వీధికుక్కల కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు నేర్చుకుంటారు. అంతర్జాతీయ పశువైద్య విద్యార్థుల సంఘం ద్వారా ఒక దేశపు విద్యార్థులు మరో దేశంలో అతిథులుగా ఉండి అక్కడి ఆసుపత్రులు, డెయిరీలు చూసి రావచ్చు. చదువు మధ్యలోనే వెళ్ళగల దారి ఇది. తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల విద్యార్థులు దీన్ని వాడుకోవాలి.

ఇక అమెరికాలో ప్రాక్టీసు పెట్టాలనుకునేవారికి అసలు మెట్లు. మన దేశంలో ఏ కళాశాలకూ అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ గుర్తింపు లేదు. కాబట్టి మన పట్టాదారు ముందు ఇంగ్లిషు సామర్థ్యం, ఆపైన మౌలిక శాస్త్రాల పరీక్ష నెగ్గాలి. తర్వాత ఉండేది చేతిపని పరీక్ష: మత్తు ఇవ్వడం, శస్త్రచికిత్స, గుర్రం, ఆవు, ఎక్స్‌రే, శవపరీక్ష అన్నీ రోజుల తరబడి చేసి చూపాలి. దీనితోపాటు 360 ప్రశ్నల నావ్లే (ఉత్తర అమెరికా పశువైద్య లైసెన్సు పరీక్ష) గట్టెక్కితేనే రాష్ట్రాల లైసెన్సుకు దారి. పుస్తకం కంఠతా వచ్చినంత మాత్రాన సరిపోదు. ఇంటర్న్‌షిప్ ఏడాదిని నామకార్థం గడిపినవారికి ఇక్కడే ఇబ్బంది. బ్రిటన్‌లో రాయల్ కాలేజీ పరీక్ష, ఆస్ట్రేలియాలో ఆస్ట్రలేషియన్ పరీక్ష ఇలాంటివే.

పరిశోధన కోసం వెళ్ళేవారికి ఈ లైసెన్సు తంతు అవసరం లేదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి నేతాజీ సుభాష్ అంతర్జాతీయ ఫెలోషిప్ పేరిట పశువైద్యంలో కూడా విదేశీ పీహెచ్‌డీకి డబ్బిస్తుంది.

ఇంటర్ కాగానే విదేశంలో పశువైద్య సీటు అంటూ ఎవరైనా వస్తే ముందు రెండు సంగతులు తేల్చుకోండి. ఆ పట్టాకు ఆ దేశంలోనే గుర్తింపు ఉందా? మన 1984 నాటి భారతీయ పశువైద్య మండలి చట్టం కింద అది చెల్లుతుందా? తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఆ గుర్తింపు తప్పనిసరి. ఫీజు కట్టకముందే మండలికి రాసి జవాబు తెప్పించుకోండి.