అంచు చూసి కొన్న నీలిబట్ట

సూరత్‌లో కాపురముండి, బట్ట కొనుటకు తికమకపడినామని చెప్పుకొనుట కొంత సిగ్గుగానే ఉన్నది. టౌన్‌షిప్పు బస్సు దిగి రింగ్ రోడ్డుపై నిలబడితే చాలును, ఎటు చూచినా బట్టల మార్కెట్లే. టెంపోలపైనా, తోపుడుబండ్లపైనా, కూలీల వీపులపైనా చీరల మూటలే. అయినను ఒక్క జీన్సు ప్యాంటు కొరకు మేము మూడు వారములు తిరిగినాము.

మా పెద్దబ్బాయి ఇంజనీరింగు చివరి సంవత్సరములో ఉండగా, ఉద్యోగము వచ్చినచో కోరినది కొనిపెట్టెదమని మేమే మాట ఇచ్చియుంటిమి. ఉద్యోగము వచ్చినది. వాడు వాచీ కోరలేదు, మోటారు సైకిలు కోరలేదు. ‘రా సెల్వెజ్ డెనిమ్’ జీన్సు కావలెనన్నాడు. ధర ఆరువేల పైమాట. పైగా దానిని కొన్ని నెలలపాటు ఉతకరాదట! “ఉతకని ప్యాంటుకు అంత డబ్బెందుకు, ఉతికినది తక్కువకు వచ్చును గదా” అని మా శ్రీమతి అడిగిన ప్రశ్నకు ఇంట ఎవరివద్దను జవాబు లేకపోయినది.

విషయము తెలిసికొన్న పిదప అది అంత వింతగా తోచలేదు. డెనిమ్‌లో పడుగు నీలిరంగు నూలు, పేక తెల్లనూలు. పడుగు దారము మూడు పేకల మీదుగా పోయి ఒకదాని క్రిందకు దిగును. అందుచేత బట్ట పైకి నీలముగా, లోపల తెల్లగా కనిపించును, ఏటవాలు గీతలు పడును. నేసిన తరువాత ఫ్యాక్టరీలో ఉతికి, రాపిడి పెట్టి, పాతదానివలె చేయకుండ విడిచిపెట్టినదే రా డెనిమ్. సెల్వెజ్ అనగా బట్ట తన అంచును తానే నేసికొనుట. నాడె అటునిటు పరుగెత్తునప్పుడు పేక దారము తెగకుండ అంచువద్ద వెనుకకు మళ్ళును. మన చీరలకు, పంచెలకు ఉన్నది ఇదే అంచు. నాడె లేని కొత్త మగ్గములపై ప్రతి పేకయు తెగును గనుక అంచున దారపు పోగులు వ్రేలాడును. పాత మగ్గముల డెనిమ్ వెడల్పు సుమారు 28 నుండి 32 అంగుళములు. కొత్తవాటిపై దానికి రెండింతలు. నెమ్మదిగా నడచు మగ్గము, సన్నని పన్నా, ధర పెరుగుటకు అవియే కారణములు.

నగరములోని ఒక పెద్ద దుకాణములో అటువంటిది దొరికినదని సంతోషించినాము. కాలు చివర మడిచి చూపగా, తెల్లని పట్టీ, దానిలో ఎర్రని గీత ముచ్చటగా కనిపించినవి. డబ్బు చెల్లించి ఇంటికి తెచ్చినాము.

ఆ ఆదివారము లింబాయత్ నుండి మాకు పరిచయస్థుడైన పెద్దాయన ఒకరు వచ్చినారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుండి పద్మశాలి కుటుంబములు వేల సంఖ్యలో వచ్చి సూరత్‌లో స్థిరపడిన సంగతి పాఠకులకు తెలిసినదే. నగరపాలక సంస్థ వారి తెలుగు మాధ్యమ పాఠశాలలు నడచుట కూడ వీరి వలననే. ఈ పెద్దాయన నలభై ఏండ్లు ఇక్కడి సాంచాలపై పనిచేసినారు. ఆ చప్పుడుకు కుడిచెవి మందగించినది. కొంతకాలము క్రిందట యజమాని పాత మగ్గములను తూకమునకు ఇనుముగా అమ్మి వాటర్‌జెట్ యంత్రములు పెట్టించినాడు. నాటినుండి ఆయన ఇంటివద్దనే ఉన్నారు.

ప్యాంటును ఆయన చేతికిచ్చినాము. రంగు చూడలేదు, గుండీలు చూడలేదు. కాలు తిరగవేసి, అంచును గోటితో గీకి, మావాడిని పిలిచినారు.

“ఇది నాడె నేసిన అంచు కాదు బిడ్డా. విడిగ పట్టీ తెచ్చి కుట్టిండ్రు. పేక సూడు, అంచుకాడికొచ్చి తెగిపోయింది. మళ్ళి ఎనుకకు తిరగలే.”

“మరి ఈ ఎర్రగీత, తాతా?”

“గీతదేమున్నది, ఎవలైన గీస్తరు.”

లోపలి మడత నుండి ఒక పేక దారము లాగి అగ్గిపుల్ల వెలిగించినారు. నూలు కాగితమువలె మండి బూడిద కావలెను. ఇది ముడుచుకొని, కరిగి, చివర నల్లని పూసవలె గట్టిపడినది. పాలిస్టరు కలిసియున్నదన్నమాట. పాలిస్టరు రాజధానిలో ఉన్నవారికి ఆ పరీక్ష మాకు ముందే తోచవలసినది! దుకాణదారు డబ్బు తిరిగి ఇయ్యలేదు. మారుగా చొక్కాలు తీసికొమ్మన్నాడు. ఆ చొక్కాలు నేటికిని మేము తొడుగుచునే ఉన్నాము.

ఇక పట్టుదల మాకే కలిగినది. సూరత్‌కు నీలితో ఉన్న సంబంధము పాతది. అహమ్మదాబాదు దగ్గరి సర్ఖేజ్ నీలిమందు ఒకప్పుడు ఈ రేవునుండియే ఐరోపాకు పోయెడిది. ఆంగ్లేయులు 1611లో మన మచిలీపట్నమునందు, 1613లో ఇక్కడ కోఠీలు పెట్టిన కాలము నాటి మాట అది. జర్మనీకి చెందిన బేయర్ 1880లో నీలిని రసాయనశాలలో తయారుచేయగా, 1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ దానిని మార్కెట్టులోకి తెచ్చినది. నీలిచేల కథ దానితో దాదాపు ముగిసినది. నేటి డెనిమ్ రంగు చాలావరకు ఆ కృత్రిమ నీలియే. నూలును తాళ్ళవలె పేని, నీలితొట్టెలో ముంచి, గాలికి ఆరనిచ్చి, మరల మరల ముంచెదరు. తొట్టెనుండి పసుపుపచ్చగా వెలువడిన నూలు గాలి తగిలి నీలమగును. రంగు దారము పైననే నిలుచును, లోపలి నూలు తెల్లగానే ఉండును. కనుకనే మోకాలివద్ద, జేబువద్ద రాపిడికి పైరంగు పోయి, తొడిగినవాని నడకనుబట్టి తెల్లని చారలు తేలును. ఉతుకుటకు తొందరపడరాదనుట అందుకే.

జేకబ్ డేవిస్ అను దర్జీ, లీవై స్ట్రాస్ అను వర్తకుడు జేబు మూలలకు రాగి రివెట్లు బిగించుటకు అమెరికాలో 1873 మే 20న పేటెంటు పొందినారు. ఆ దేశములో పాత మగ్గములపై ఈ బట్ట నేసిన ప్రసిద్ధమైన వైట్ ఓక్ మిల్లు 2017 చివర మూతబడినది. జపానులోని ఒకయామా ప్రాంతము మాత్రము నాడె మగ్గములను విడువలేదు. మన దేశములో అహమ్మదాబాదునందలి అరవింద్ మిల్లు 1980ల చివర డెనిమ్ నేత మొదలుపెట్టినది. సెల్వెజ్ రకము కూడ నేయుచున్నది. వారే 1995లో ‘రఫ్ అండ్ టఫ్’ పేరున బట్ట, జిప్పు, రివెట్లు ఒకే పొట్లములో పెట్టి అమ్మినారు. వీధి దర్జీ వద్ద కుట్టించుకొనుటయే. మనలో చాలమంది తొలి జీన్సు అదియే గదా.

ఆ జ్ఞాపకముతో మేము అహమ్మదాబాదు వెళ్ళి, మూడు మీటర్ల సెల్వెజ్ బట్టనే కొని తెచ్చినాము. ఈసారి అంచు మేమే చూచినాము. పేక వెనుకకు మళ్ళినది. దారము కాలి బూడిదయినది.

టౌన్‌షిప్పు గేటు ఎదుటి దర్జీ వద్ద మరొక చిక్కు. బట్ట నానబెట్టనిదే కత్తెర పెట్టనని అతడు. నానబెట్టిన తరువాత అది ‘రా’ ఎట్లగునని మావాడు. తగవు తీర్చినది పెద్దాయనే. పడుగు వెంబడి 20 సెంటీమీటర్ల ముక్క కత్తిరించి, నీట నానబెట్టి, నీడన ఆరబెట్టి కొలువగా అర సెంటీమీటరు తగ్గినది. ఆ లెక్కన 80 సెంటీమీటర్ల కాలికి రెండు సెంటీమీటర్లు అదనముగా పెట్టమన్నారు. అంచు వెలుపలి కుట్టులోనికి రావలెను గనుక ఆ వైపు కత్తెర పెట్టరాదని కూడ చెప్పినారు. మందపాటి మడతలపై రెండు సూదులు విరిగినవి. దర్జీ కూలి కొంచెము హెచ్చుగా అడిగినాడు, న్యాయమే. అంతయు కలిపి దుకాణపు ధరలో సగమునకు లోపుననే అయినది.

మొదటి వారము ఆ ప్యాంటు తడకవలె బిగుసుకొని ఉండెను. మా సోఫా కవరుకు నీలపు మరక అంటినది. చన్నీటిలో తిరగవేసి ఉతుకవలెనని, ఎండన వేయరాదని మావాడు తల్లికి ఒకటికి నాలుగుమార్లు చెప్పి ఉద్యోగమునకు వెళ్ళినాడు.

మిగిలిన బట్టలో మూరెడు ముక్కను పెద్దాయన అడిగి తీసికొన్నారు. సంచికి కాబోలుననుకొన్నాము. తరువాత లింబాయత్ వెళ్ళినప్పుడు చూడగా, ఆయన దానిని ఒళ్ళో పరచుకొని, పక్కనున్న మనుమరాలికి అంచువద్ద పేక దారము ఒక్కొక్కటే విప్పి, అది ఎక్కడ మళ్ళుచున్నదో చూపుచుండిరి.