పటములోని పద్మపీఠము

తిరుచానూరు గుడిముంగిట పటముల దుకాణములను నిదానించి చూచినచో ఒక విశేషము కానవచ్చును. ఒకే దేవి అచ్చట రెండు విధములుగా చిత్రింపబడియున్నది. ఒక పటమున శ్రీనివాసుడు నడుమ నిలువెత్తుగా నిలువగా, అలమేలుమంగ ఆయన ప్రక్కన చిన్నదై ఒదిగియుండును. మరియొక పటమున ఆమె ఒక్కతెయే పద్మాసనస్థయై, పైచేతుల పద్మములు దాల్చి, క్రిందిచేతుల అభయవరదముద్రలు చూపుచు, మనవైపు సూటిగా చూచుచుండును. మొదటిది ఇల్లాలి చిత్రము. రెండవది ఏలికసాని చిత్రము. దేవి మారలేదు, ఆమెకిచ్చిన చోటు మారినది.

రెండవ పటము చిత్రకారుని కల్పన కాదు. ఆలయమున మూలమూర్తి వెలసిన తీరే అది. స్వామి కొండపై నున్నాడు. అమ్మవారు దిగువను తన యూర, తన గుడిలో నున్నది. కార్తిక బ్రహ్మోత్సవముల తుదినాడు, పంచమీతీర్థమునకు, తిరుమలనుండి సారె ఆమె వాకిటికి వచ్చును. ఆయనకు గరుడసేవ యెట్టిదో ఆమెకు గజవాహనసేవ యట్టిది. స్వంత పీఠము, స్వంత వాహనము, స్వంత ఉత్సవము: దొరతనమునకు లక్షణములు ఇవియే కదా!

మానవస్త్రీల రూపములకు ఈ భాగ్యము అరుదు. తిరుమల ఆలయమున శ్రీకృష్ణదేవరాయలకు ఇరువైపుల తిరుమలదేవి, చిన్నాదేవి లోహమూర్తులై అంజలి ఘటించి నిలిచియున్నారు. 1513లో ఆ రాణులు స్వామికి చెరియొక బంగారుగిన్నె సమర్పించిరి. ఆ దానము వారి పేరనే శాసనమున కెక్కినది. ప్రతిమలపై పేర్లును చెక్కబడినవి. కావుననే వారెవ్వరో నేటికిని మనకు తెలియును.

అదే శతాబ్దమున లేపాక్షి వీరభద్రాలయపు కప్పులపై చిత్రకారులు ఎందరో స్త్రీలను రంగులలో నిలిపిరి. ఆ చీరల అంచులను, కొప్పుల సొంపును మెచ్చని వారు లేరు. ఆ చిత్రములలో విరూపణ్ణను, అతని సోదరుడు వీరణ్ణను పండితులు పేరు పెట్టి చూపుదురు. స్త్రీలను మాత్రము చీరలచేతనే గుర్తింతుము. అందము మిగిలినది, పేరు మిగులలేదు.

1894లో రవివర్మ బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయము లక్ష్మీసరస్వతులను సామాన్యుని గోడకు చేర్చినది. గర్భగుడి దరికి చేరలేని వారికిని దేవి ఎదురెదుటనే దర్శనమిచ్చినది. ఇది చిన్న మార్పు కాదు. కాని ఆ వెనుక వచ్చిన క్యాలెండరు బొమ్మలు దేవతల ముఖములన్నిటిని ఒకే మూసలో పోసినవి: అదే మేనిచాయ, అదే చిరునవ్వు. ఊరూర అమ్మవారికి గల వేర్వేరు ముఖము అందు కరగిపోయినది.

చిత్రింపబడుట వేరు, చిత్రించుట వేరు. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు (1897–1925) స్త్రీలను రమ్యముగా చిత్రించెను. ఆయన భార్య సత్యవాణియు కుంచె పట్టెను. అయినను ఆమె పేరు తలచువారు కొలదిమందియే.

కావున స్త్రీ చిత్రమును చూచునప్పుడు రూపలావణ్యముతో తృప్తిపడరాదు. ఆమె ఎచట కూర్చున్నది? ఎవరిని చూచుచున్నది? ఆమె పేరేమి? చిత్రము వ్రాయించిన దెవరు? ఈ ప్రశ్నలు రాణులకే కాదు, మన యింటి గోడలకును చెందును. తాతగారి పటము క్రింద పేరు, బిరుదు ఉండును. అవ్వగారి పటము క్రింద చాలచోట్ల ఏమియు నుండదు. ఆమెను ఎరిగినవారు ఉండగానే ఆ పేరు వ్రాసి పెట్టుట మంచిది. ఆ తరము దాటినచో ఆమెయు లేపాక్షి కప్పుమీది స్త్రీయే యగును.