పేరు అదే, నంబరు మారింది!

మొన్న నాకు జ్వరమొస్తే వార్డెన్ సారు హాస్టల్ నోటుబుక్కు చూసి తాండూరులో ఉన్న మా నాయినకు ఫోన్ చేసిండ్రు. ఎవరో ఎత్తి "రాంగ్ నంబర్" అన్నరు. నాయిన నంబరు మారింది, నేను రాయించలేదు. ఆయన తెల్లారి రైలెక్కి వికారాబాద్ వచ్చిండు.

లినక్స్ కంప్యూటర్లో కూడా ఇట్లాంటి నోటుబుక్కు ఉంది. అది '/ఈటీసీ/హోస్ట్స్' అనే ఫైలు. ఒక్కో వరుసలో ముందు నంబరు, తర్వాత పేరు ఉంటాయి. ఉదాహరణకు '127.0.0.1 లోకల్‌హోస్ట్'. అంటే ఆ కంప్యూటరే!

పేరు చెప్పగానే కంప్యూటర్ మామూలుగా ముందు ఇందులోనే వెతుకుతుంది. దొరకకపోతేనే బయట డీఎన్ఎస్‌ను అడుగుతుంది. 1983లో డీఎన్ఎస్ రూపొందక ముందు ఇట్లాంటి జాబితాలే దిక్కు.

ఇందులో పాత నంబరు ఉంటే, బయట సరైనది ఉన్నా కంప్యూటర్ అడగదు. నోటుబుక్కు తప్పు చెప్పదు, మనం దిద్దకపోతేనే తప్పు. ఈ ఆదివారం మీ ఇంటి నంబరు సరిచూసుకోండి.