కంచెలు రాని ఊరు

ఇంగ్లండ్ పల్లెటూరు అనగానే చాలామంది కళ్లముందు మెదిలేది ఒకటే బొమ్మ. పచ్చటి పొలాలు, ఒక్కో పొలం చుట్టూ ఒత్తుగా పెరిగిన పొదల కంచె, మధ్యలో మేస్తున్న గొర్రెలు. అనాదిగా ఆ నేల అలాగే ఉందనిపిస్తుంది. కానీ మధ్య ఇంగ్లండ్‌లో ఆ కంచెల్లో చాలా భాగం రెండు మూడు వందల ఏళ్ల కిందట నాటినవే. అంతకుముందు అక్కడ ఊరికి రెండో మూడో మహా పెద్ద పొలాలుండేవి. వాటికి కంచె లేదు. ఊళ్లో ప్రతి రైతుకూ ఆ పొలాల్లో అక్కడొక పట్టీ, ఇక్కడొక పట్టీగా భూమి ఉండేది. దున్నడం, విత్తడం, కోత కోయడం, కోసిన చేలో పశువుల్ని వదలడం అన్నీ ఊరంతా ఒక కట్టడి ప్రకారం చేసేవారు.

ఆ పద్ధతి ఇంగ్లండ్ అంతటా చెరిగిపోయింది. నాటింగ్‌హమ్‌షైర్‌లోని లాక్స్‌టన్‌లో మాత్రం ఇవాళ్టికీ నడుస్తోంది. డెవన్‌లోని బ్రాంటన్‌లో, లింకన్‌షైర్‌లోని యాక్స్‌హోమ్ ప్రాంతంలో ఇలాంటి పట్టీల పొలాలు కొంత మిగిలాయి. కానీ పొలంతో పాటు ఆ పొలాన్ని కనిపెట్టుకునే ఊరి కోర్టు కూడా బతికున్నది ఒక్క లాక్స్‌టన్‌లోనే.

ఊరి చుట్టూ మూడు పొలాలు మిగిలాయి: వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్. ఒకదాంట్లో శీతాకాలపు గోధుమ వేస్తారు. రెండోదాంట్లో వసంతంలో విత్తే బార్లీ లాంటి పంట. మూడోది ఆ ఏడు బీడు. మరుసటి ఏడాది ఈ వరస ఒక్క మెట్టు జరుగుతుంది. ఎరువుల బస్తాలు లేని కాలంలో నేలకు తిరిగి సత్తువ రావడానికి రైతులు కనిపెట్టుకున్న దారి ఇది. ఇప్పుడు మూడో పొలాన్ని ఊరికే వదలకుండా పశుగ్రాసం పెంచడమూ ఉంది గానీ, వరస మాత్రం తప్పదు.

ఒక రైతు భూమంతా ఒకే చోట లేకుండా ఇన్ని ముక్కలుగా ఎందుకుంది? లాక్స్‌టన్‌ది బరువైన బంకమట్టి నేల. వానపడితే కాలు దిగబడుతుంది, ఎండితే నాగలి దిగదు. పల్లంలో నీరు నిలుస్తుంది, మెరకలో ఆరుతుంది. మంచి నేలంతా ఒకడికి, చెడ్డదంతా మరొకడికి పోకుండా ముక్కలు పంచుకోవడంలో న్యాయం ఉంది. దానికి మూల్యమూ ఉంది. పక్కవాడు గోధుమ వేసిన చోట ఇంకొకడు బీడు పెడతానంటే కుదరదు. తన పట్టీకి వెళ్లాలంటే మరొకరి పట్టీల పక్కనుంచే పోవాలి. నాగలి ఒక్క చాలు పక్కకు జరిగితే పొరుగువాడి గింజలు పోతాయి. కాబట్టి ఊరివాళ్లు ఏటా కూర్చుని మాట్లాడుకోక తప్పని పొలాలివి. లాక్స్‌టన్ గొప్పతనం దాని పాతదనంలో కంటే ఈ తప్పనిసరిలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఊరి పేరు 1086 నాటి భూముల లెక్క అయిన డూమ్స్‌డే గ్రంథంలోనే ఉంది. నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక టోకీ అనే పాత భూస్వామి చేతిలోని ఊరు జెఫ్రీ ఆల్సెలిన్ పరమైంది. ఊరికి ఉత్తరాన ఎత్తైన మట్టిదిబ్బ మీద కోట కట్టారు. షెర్‌వుడ్ అడవిని రాజు తరఫున చూసే అధికారులు అక్కడినుంచే పెత్తనం చేశారు. కోట పోయింది, దిబ్బ మాత్రం చెక్కు చెదరలేదు.

చరిత్రకారులకు కోటకంటే విలువైనది ఒక పటం. 1635లో ఈ ఊరి యజమాని సర్ విలియం కోర్టీన్ అనే లండన్ వర్తకుడు. తాను కొన్న ఊళ్లో ఏ పట్టీ ఎవరిదో తేల్చడానికి మార్క్ పియర్స్ అనే సర్వేయరు చేత కొలతలు తీయించాడు. పియర్స్ ప్రతి పట్టీనీ గీసి, ఎవరి సాగులో ఏముందో విడిగా జాబితా రాశాడు. అంతటితో ఆగలేదు. పటంలో దున్నేవాళ్లనూ, కోత కోసేవాళ్లనూ, వేటకుక్కలతో పరిగెత్తే దొరలనూ చిన్న చిన్న బొమ్మలుగా వేశాడు. లెక్క కోసం గీసిన కాగితంలో ఊరంతా కదులుతూ కనిపిస్తుంది. ఆ పటం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. ఈ కోర్టీన్‌కు మన దేశంతోనూ ముడి ఉంది. అదే 1635లో ఒకటవ ఛార్లెస్ రాజు అతని వర్తక బృందానికి తూర్పుదేశాల వ్యాపారానికి అనుమతి ఇచ్చాడు. ఈస్టిండియా కంపెనీకి పోటీగా ఆ బృందం ఓడలు మన పడమటి తీరానికి వచ్చాయి. మరుసటి ఏడాదే కోర్టీన్ చనిపోయాడు. అతని కొడుకు అప్పుల్లో మునిగాడు. ఊరు పియర్‌పాంట్ కుటుంబానికి చేరింది. ఆ వంశంవారే తర్వాత ఎర్ల్ మాన్వర్స్ బిరుదు పొందారు.

ఇక కంచెల కథ. 1604 నుంచి 1914 వరకు ఉమ్మడి భూములకు కంచెలు కట్టడం కోసం బ్రిటిష్ పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసింది. వాటి కింద 68 లక్షల ఎకరాలు కంచెల్లోకి పోయాయి. ఒక్కొక్కరి ముక్కలన్నీ కలిపి ఒకే చోట కమతంగా ఇచ్చారు. దిగుబడి పెరిగిన మాట నిజం. అయితే బీడులో నాలుగు గొర్రెల్ని మేపుకుని, చెరువుగట్టున పుల్లలేరుకుని బతికే పేదవాడికి ఆ హక్కులు పోయాయి, లేదా చారెడు నేలగా మారి అమ్ముడుపోయాయి. కవి జాన్ క్లేర్ సొంత ఊరు హెల్ప్‌స్టన్‌కు 1809లో అలాంటి చట్టం వచ్చింది. తాను తిరిగిన దారులు మూసుకుపోయిన బాధ ఆయన కవిత్వంలో జీవితాంతం పలికింది.

లాక్స్‌టన్‌కు ఆ గతి ఎందుకు పట్టలేదు? ఊరివాళ్లు ఎదురు తిరిగి ఆపారని చెప్పాలనిపిస్తుంది. జరిగింది అది కాదు. ఊళ్లో కొంత భాగానికి కంచెలు పడ్డాయి కూడా. మిగతా భూమి మాన్వర్స్, స్కార్‌బరో అనే ఇద్దరు పెద్ద భూస్వాముల మధ్య చిక్కుపడి ఉంది. వాళ్లకు పొత్తు కుదరలేదు. కుదిరి భూములు మార్చుకునేసరికి 1870ల తర్వాతి ధాన్యం ధరల పతనం వచ్చింది. కంచెలకూ కాలువలకూ ఖర్చు పెడితే తిరిగి రాదని తేలిపోయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చిన్న పట్టీలను కొన్ని కలిపి పెద్దవి చేశారు తప్ప, మూల పద్ధతిని ముట్టుకోలేదు. అలా దొరల మంకుతనం, మార్కెట్ దెబ్బ కలిసి ఒక ఊరిని కాపాడాయి. కాపాడిన దాన్ని నిలబెట్టినది మాత్రం రైతులే.

ఆ నిలబెట్టడం ఎలాగో నవంబరు చివర్లో చూడాలి. ఆ రోజును జ్యూరీ డే అంటారు. గోధుమ విత్తిన పొలాన్ని తనిఖీ చేయడానికి ఊరి రైతుల్లోంచే ఎన్నుకున్న పన్నెండు మంది జ్యూరీ బయలుదేరుతుంది. ట్రాక్టరు వెనక ట్రైలరులో ఎక్కి, చలిలో ఒక్కో పట్టీ దగ్గర ఆగుతూ పోతారు. వాళ్లు వెతికేది పెద్ద నేరాల్ని కాదు. ఎవరైనా దారిలోకి దున్నారా, గడ్డి నేలలోకి నాగలి పోనిచ్చారా, మురుగుకాలువ పూడిక తీయకుండా వదిలేశారా, పొరుగు పట్టీలోంచి ఒక చాలు మింగారా అన్నవే. హద్దు చెరిగిన చోట కొయ్యగుంజ దిగ్గొడతారు. తిరగడం అయ్యాక ఊరి పబ్బు డవ్‌కోట్ ఇన్‌లో భోజనం. అక్కడే ఎవరికెంత జుర్మానా అన్నది తేలుస్తారు. జ్యూరీలో కూర్చున్నవాళ్లకూ అదే పొలంలో పట్టీలుంటాయి. తన తప్పు బయటపడితే తన పేరు కూడా ఆ కాగితం మీదికి ఎక్కుతుంది. ఇంత నిక్కచ్చి తీర్పరితనం పెద్ద పెద్ద కోర్టుల్లోనూ అరుదు.

వారం తర్వాత అదే పబ్బులో కోర్ట్ లీట్ అనే ఊరి కోర్టు సమావేశమవుతుంది. భూయజమాని తరఫున స్టూవర్డ్ అధ్యక్షత వహిస్తాడు. బెయిలిఫ్ అనే కోర్టు ఉద్యోగి పేర్లు పిలుస్తాడు. రానివాళ్లకు నామమాత్రపు జుర్మానా. జ్యూరీ తన నివేదిక ఇస్తుంది, తప్పులు చదువుతారు, డబ్బు కడతారు, వచ్చే ఏడాది జ్యూరీ ప్రమాణం చేస్తుంది. వేడుక కోసం చేసే తంతు కాదిది. 1977లో పార్లమెంటు చేసిన న్యాయపాలన చట్టం దేశంలోని ఇలాంటి పాత ఊరి కోర్టులన్నింటి న్యాయాధికారాన్ని తీసేస్తూ, లాక్స్‌టన్ కోర్టుకు మినహాయింపు ఇచ్చింది. అక్కడ ఆ కోర్టుకు చేతినిండా పని ఉంది మరి.

దున్నడానికి వీల్లేని వాలులూ, వాగువారలూ గడ్డి నేలలుగా మిగిలాయి. వాటిని సైక్స్ అంటారు. ఏటా వేసవిలో ఆ గడ్డిని వేలం వేస్తారు. ఎన్నడూ నాగలి తగలని ఆ నేలలో అరుదైన పచ్చిక పూలు బతికాయి. అందుకే ప్రభుత్వం వాటిని ప్రత్యేక రక్షణ ఉన్న ప్రకృతి స్థలాలుగా గుర్తించింది. దారితప్పి పంటలో పడ్డ పశువుల్ని కట్టేసే దొడ్డి కూడా ఊళ్లో ఉంది. మన ఊళ్లలోని బందెలదొడ్డి లాంటిదే. పశువుల్ని తోలుకొచ్చి అందులో పెట్టే పిండర్ ఒకప్పుడు ఊరంతటికీ భయం పుట్టించే ఉద్యోగి.

కంచెలు పడిన ఊళ్లలో రైతులు తమ కమతం మధ్యలో కొత్త ఇల్లు కట్టుకుని ఊరు వదిలిపోయారు. లాక్స్‌టన్‌లో అలా వెళ్లాల్సిన పని రాలేదు. భూమి మూడు వైపులా చెదిరి ఉన్నప్పుడు మధ్యలో ఉండటమే మేలు. అందుకే రైతుల ఇళ్లూ, కొట్టాలూ ఇప్పటికీ ఊరి వీధి వెంటే, పక్కగోడలు వీధివైపు పెట్టి వరసగా నిలబడ్డాయి. పాలవాసన, ట్రాక్టరు చప్పుడు వీధిలోనే. పొద్దున లేస్తే జ్యూరీలో తనకు జుర్మానా వేసిన మనిషే ఎదురింటి గుమ్మంలో కనిపిస్తాడు. సెయింట్ మైకేల్ చర్చి, పబ్బు, పొలం దారులు అన్నిటా ఆ కొద్దిమందే. తగాదాలు లేవని కాదు. తగాదా పెంచుకోవడానికి చోటు తక్కువ.

భూయజమాని మారినప్పుడల్లా ఊరి ఊపిరి ఆగినంత పనయ్యేది. 1952లో ఆరవ ఎర్ల్ మాన్వర్స్ ఈ ఊరిని వ్యవసాయ మంత్రిత్వశాఖకు అమ్మాడు, పద్ధతిని కాపాడతారన్న నమ్మకంతో. 1981లో ప్రభుత్వం వదిలించుకోవాలనుకున్నప్పుడు రాజసింహాసనపు ఆస్తుల్ని చూసే క్రౌన్ ఎస్టేట్ తీసుకుంది. 2018లో క్రౌన్ ఎస్టేట్ కూడా అమ్మకానికి పెట్టింది. ఈసారి పొలాలు ముక్కలై ఎవరెవరి చేతుల్లోకో పోతాయని చాలామంది బెంగపడ్డారు. 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ కొన్నది. అంటే ఒకప్పటి పియర్‌పాంట్‌ల వారసుల దగ్గరికే ఊరు తిరిగి చేరింది.

ఊరికి దగ్గర్లో 1995 నుంచి ఒక హోలోకాస్ట్ స్మారక కేంద్రం నడుస్తోంది. స్టీఫెన్, జేమ్స్ స్మిత్ అనే అన్నదమ్ములు కుటుంబంతో కలిసి దాన్ని స్థాపించారు. నాజీ మారణకాండ నుంచి బతికి బయటపడినవాళ్లు అక్కడికొచ్చి బడిపిల్లలతో మాట్లాడారు. పట్టీల పొలాలు చూడటానికి వచ్చేవారు ఒక దారిన, ఆ కేంద్రానికి వచ్చేవారు ఇంకో దారిన ఈ చిన్న ఊరికి చేరుతుంటారు.

రైతులకు మాత్రం రోజువారీ కష్టం వేరే ఉంది. పెద్ద హార్వెస్టరు సన్నటి పట్టీలో తిరగాలంటే డీజిలూ, సమయమూ వృథా అవుతాయి. పట్టీలే ఆధారమైతే ఎవరికీ ఇల్లు గడవదు. అందుకే ఒక్కో కౌలుకమతంలో కంచె కట్టిన మామూలు భూమి కూడా కలిపి ఇస్తారు. లాభం దానిమీద, బాధ్యత పట్టీల మీద. ఒక కమతం ఖాళీ అయినప్పుడు కొత్తగా వచ్చే కుటుంబం రెండింటికీ సిద్ధపడాలి. నవంబరు చలిలో ట్రైలరెక్కి పొరుగువాడి చాలు కొలవడానికీ, తన చాలు కొలిపించుకోవడానికీ ఒప్పుకోవాలి. లాక్స్‌టన్ రేపు ఎలా ఉంటుందన్నది అలాంటి కుటుంబాలు దొరకడం మీదే ఆధారపడి ఉంది.