విమానం వచ్చినప్పుడే వెలిగే దీపం

రాత్రివేళ తక్కువ ఎత్తులో ఎగిరే విమానానికి గాలిమర పెద్ద అడ్డంకి. నిటారుగా నిలిపిన రెక్క కొనదాకా కొలిస్తే ఇప్పటి గాలిమరలు 200 మీటర్లు దాటడం మామూలైపోయింది. 150 మీటర్లు, ఆపైన ఎత్తున్న వాటికి దీపాలు ఎలా పెట్టాలో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాలు చెబుతాయి. జర్మనీలో 100 మీటర్లు దాటినప్పటి నుంచే నిబంధనలు మొదలవుతాయి. ఆ దేశంలో నేలమీద 28 వేలకు పైగా గాలిమరలున్నాయి, దాదాపు అన్నీ పల్లెల మధ్యే. చీకటి పడగానే పొలాల అంచున ఎర్ర దీపాల వరసలు ఒక్కసారిగా వెలిగి, ఒక్కసారిగా ఆరడం అక్కడివారికి ఏళ్ల తరబడి నిత్య దృశ్యం.

ఇంతకీ ఆ ఎత్తులో రాత్రిపూట ఎగిరేదెవరు? ప్రయాణికుల విమానాలు పది కిలోమీటర్ల ఎత్తున పోతాయి, వాటికి ఈ దీపాలతో పనిలేదు. ఐరోపా నిబంధనల ప్రకారం, కంటిచూపు మీద ఆధారపడి రాత్రి నడిపే చిన్న విమానం కూడా 8 కిలోమీటర్ల పరిధిలోని అత్యంత ఎత్తైన అడ్డంకికి కనీసం 300 మీటర్లు పైన ఉండాలి. కొండ ప్రాంతాల్లో ఆ ఎడం 600 మీటర్లు. ఇక మిగిలేది రోగిని తీసుకెళ్లే అంబులెన్స్ హెలికాప్టర్, పోలీసు హెలికాప్టర్, సైనిక విమానం, దారి తప్పిన పైలట్. ఒక ఊరి మీదుగా ఇలాంటివి వెళ్లేది చాలా అరుదు. కానీ వెళ్లిన ఆ ఒక్కసారి దీపం లేకపోతే ప్రాణాలకే ముప్పు. అందుకే ఎవరూ రాని రాత్రుల్లో కూడా తెల్లవార్లూ దీపాలు వెలిగించి ఉంచారు.

దీపం ఎర్రగా ఉండటానికి కారణముంది. మనిషి కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మసక వెలుతురులో చూపునిచ్చే కణాలు ఎరుపును అంతగా పట్టించుకోవు కాబట్టి, ఎర్ర దీపం చూసినా పైలట్‌కు ఆ అలవాటు చెదరదు. దీపాన్ని స్తంభం తలమీద, జనరేటర్ ఉండే గది పైకప్పున బిగిస్తారు. ఒక్కటే పెడితే తిరిగే రెక్క దానికి అడ్డొస్తుంది. అందుకే రెండు పెట్టి, ఏ దిక్కు నుంచి చూసినా ఒకటైనా కనబడేలా చూస్తారు. జర్మనీలో వాడే దీపం ఒక సెకను వెలిగి, అర సెకను ఆరి, మళ్లీ సెకను వెలిగి, ఒకటిన్నర సెకను ఆరుతుంది. దీపాలన్నీ ప్రపంచ ప్రామాణిక సమయాన్ని పట్టుకుని ఒకే తాళంలో నడవాలి. ఏ దీపం తీరు దానిదే అయితే పైలట్‌కూ గందరగోళమే, ఊరివాళ్లకూ చికాకే.

ముందుగా దొరికిన ఉపాయం వెలుగు తగ్గించడం. గాలిమర మీద దృశ్యమానతను కొలిచే పరికరం పెడితే, 5 కిలోమీటర్లకు మించి స్పష్టంగా కనబడే రాత్రి దీపాన్ని 30 శాతానికి, 10 కిలోమీటర్లు దాటితే 10 శాతానికి తగ్గించవచ్చు. అంతమాత్రాన మిణుకు ఆగదు కదా.

అసలు పరిష్కారం విమానం దగ్గరికి వచ్చినప్పుడే దీపం వెలిగించడం. ఇందుకు మొదట రాడార్లు వాడారు. అవి పనిచేశాయి గానీ ఖర్చెక్కువ, పైగా రేడియో తరంగాలకు వేరే అనుమతి తెచ్చుకోవాలి. ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు తోడ్పడి తయారుచేసిన మరో రకం రాడార్ తానుగా ఏ తరంగాన్నీ పంపదు. టీవీ ప్రసారాల తరంగాలు విమానానికి తగిలి తిరిగొస్తే వాటిని పసిగడుతుంది. చౌకగా తేలింది మాత్రం మూడో దారి. విమానంలోని ట్రాన్స్‌పాండర్ తన ఉనికిని 1090 మెగాహెర్ట్జ్ మీద చెబుతూ ఉంటుంది, దాన్ని వినడానికి ఒక రిసీవర్ చాలు. 2020 మే నుంచి జర్మనీ ఈ పద్ధతికీ అనుమతిచ్చింది.

గాలిమర చుట్టూ 4 కిలోమీటర్ల లోపు, 600 మీటర్ల ఎత్తు లోపు విమానం ప్రవేశించేసరికి దీపాలు వెలగాలి. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వచ్చే చిన్న విమానానికి ఆ 4 కిలోమీటర్లు దాటడానికి నిమిషం పైనే పడుతుంది, పక్కకు తప్పుకోవడానికి అది చాలు. రిసీవర్ చెడినా, సంకేతం తెగినా దీపాలు వాటంతటవే వెలగాలి. అనుమానం వస్తే వెలుగే ఖాయం. దీపాలు ఆరి ఉన్న వేళ కూడా కంటికి కనబడని పరారుణ దీపాలు మాత్రం వెలుగుతూనే ఉంటాయి, రాత్రిచూపు అద్దాలు పెట్టుకున్న హెలికాప్టర్ పైలట్లకు అవి ఆసరా.

ఈ పద్ధతిని తప్పనిసరి చేస్తూ జర్మనీలో చట్టం వచ్చింది 2018 చివర్లో. మిణుకు ఆగితే గాలిమరల మీద పల్లెల విముఖత కొంత తగ్గుతుందని ప్రభుత్వం ఆశ. అయితే పరికరాల ధ్రువీకరణ, ఒక్కో చోటుకూ వేరుగా అధికారుల అనుమతి అంటూ పని సాగుతూ పోయింది. మొదట 2020 జులై అన్న గడువు నాలుగుసార్లు జరిగి 2025 జనవరి 1 దగ్గర నిలిచింది. వేల గాలిమరలకు తక్కువ సమయంలో చేయాల్సిన పనికి ఆ మొదటి గడువు ఆచరణ సాధ్యం కానిదేనని ఒప్పుకోక తప్పదు.

అమెరికాలో 2015 డిసెంబరులో విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇలాంటి పద్ధతిని తన మార్గదర్శకాల్లో చేర్చింది. అక్కడ అడ్డంగా మూడు నాటికల్ మైళ్లు, నిలువుగా కొన మీద వెయ్యి అడుగుల లెక్క. ఉత్తర డకోటా 2017లో, కాన్సస్ 2023లో చట్టాలు తెచ్చాయి. అదే 2015 మార్గదర్శకాల్లో మరో మార్పు పక్షులకు మేలు చేసింది. ఎత్తైన టవర్ల మీద ఆరకుండా వెలిగే ఎర్ర దీపాలు వలస పక్షులను మబ్బు రాత్రుల్లో తమవైపు లాగి, తీగలకు ఢీకొనేలా చేస్తున్నాయని మిషిగన్‌లో జరిగిన అధ్యయనం తేల్చింది. వెలిగి ఆరే దీపాలు మాత్రమే ఉంచితే మరణాలు సగానికి పైగా తగ్గవచ్చని అందులో తేలడంతో కొత్త టవర్లకు స్థిర దీపాలు వద్దన్నారు.

అయితే మిణుకు ఆపినంత మాత్రాన ఆకాశం చీకటిగా మారిపోదు, నక్షత్రాలు కనబడకుండా చేసే దోషాన్ని పూర్తిగా గాలిమరల మీద వేయడం న్యాయం కాదు. ఆకాశాన్ని తెల్లబరిచేది ప్రధానంగా వీధి దీపాలు, దుకాణాల బోర్డులు, పైకి వెలుగు చిమ్మే ఫ్లడ్‌లైట్లు. మిణుకు దీపం ఆకాశపు వెలుగును పెంచేది కొద్దిగానే. దాని ఇబ్బంది వేరు, చీకటికి అలవాటైన కంటిని అది పదేపదే తనవైపు తిప్పుకుంటుంది. బెర్లిన్‌కు పడమరన ఉన్న వెస్ట్‌హావెల్‌లాండ్‌కు 2014లో అంతర్జాతీయ చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా గుర్తింపు దక్కింది. అక్కడి జాగ్రత్తల్లో వీధి దీపాలకు మూతపెట్టి వెలుగును కిందికే పంపడం ముఖ్యమైనది.

తెలుగునాట గాలిమరలు కనబడేది ఎక్కువగా రాయలసీమలో. రామగిరి కొండల మీద 1990లలోనే వచ్చాయి, తర్వాత ఉరవకొండ, వజ్రకరూరు వైపు పాకాయి. పాత మరల స్థానంలో ఎత్తైనవి వచ్చేకొద్దీ వాటి తలమీద దీపాలూ పెరుగుతాయి. కొత్తగా కడుతున్నప్పుడే రిసీవర్ బిగించడం తేలిక, నిలబడి తిరుగుతున్న మరకు తర్వాత అమర్చాలంటే కరెంటు నిలిపివేత, మళ్లీ అనుమతులు తప్పవు.