చదునైన కాగితానికి దశకంఠుడి రూపం: తీతార్‌పుర్ పనితనం వెనుక గణితం

పశ్చిమ ఢిల్లీలోని తీతార్‌పుర్ ఏటా దసరాకు ముందు రావణ ప్రతిమల తయారీ కేంద్రంగా మారుతుంది. టాగోర్ గార్డెన్ మెట్రో స్టేషన్ పరిసరాల్లో రావణ, కుంభకర్ణ, మేఘనాథుల తలలు, మొండేలు రహదారి పక్కన బారులు తీరి కనిపిస్తాయి. చూపులకు భారీగా ఉండే ఈ బొమ్మలకు ముడిసరుకు వెదురు బద్దలు, పాత చీరలు, కాగితం, పిండి జిగురు మాత్రమే.

చదునైన కాగితానికి ఘనరూపం ఎలా వస్తుంది? కాగితాన్ని చుడితే గొట్టమవుతుంది; ఒక కొస బిగించి చుడితే పొట్లమవుతుంది. ఈ రెండింటికీ కాగితం సాగవలసిన అవసరం లేదు. బంతికి చుట్టినప్పుడు మాత్రం ముడతలు తప్పవు. తలాన్ని సాగదీయకుండా, చింపకుండా ఎంత వంచినా దాని సహజ వక్రత మారదని జర్మన్ గణితవేత్త కార్ల్ ఫ్రెడరిక్ గౌస్ 1827లో నిరూపించారు. బత్తాయి తొక్క చిరగకుండా బల్లపై పరచుకోకపోవడానికీ, దర్జీ రవికెకు డాట్లు వేయడానికీ కారణం ఇదే.

అందుకే ప్రతిమకు ఆకారాన్నిచ్చే భారం వెదురుపై పడుతుంది. నిలువుగా చీల్చిన బద్దలను వలయాలుగా వంచి, నిలువు బద్దలకు కట్టి బోలు చట్రం తయారు చేస్తారు. వంచిన బద్ద తిరిగి నిటారు కావాలని చూస్తుంది. కట్లు దానిని ఆపుతాయి. ఆ బిగువే తేలికైన చట్రానికి గట్టిదనాన్నిస్తుంది. దానిపై చీరలు చుట్టి, కాగితం అతికిస్తారు. నేత వస్త్రం ఏటవాలుగా లాగితే సాగుతుంది కనుక వంపులపై చక్కగా ఒదుగుతుంది. గొట్టంలాంటి కాళ్లకు పెద్ద కాగితాలు సరిపోతాయి. బుగ్గలు, పొట్ట వంటి గుండ్రని భాగాలపై చిన్న ముక్కలైతేనే ముడతలు పడవు.

ఎత్తైన ప్రతిమల భాగాలను విడివిడిగా చేసి, వాహనాల్లో తరలించి, రామ్‌లీలా మైదానాల్లో జోడిస్తారు.

ఈ పనికి ప్రధాన శత్రువు వాన. తడిస్తే జిగురు వదులై కాగితం ఊడిపోతుంది. పొరుగు రాష్ట్రాల నుంచి కూడా వచ్చే పనివారి ఆదాయం కొద్ది వారాల గిరాకీపైనే ఆధారపడి ఉంటుంది. 2020లో కోవిడ్ ఆంక్షలతో ఉత్సవాలు కుదించుకుపోవడంతో గిరాకీ బాగా పడిపోయింది. దసరా దాటితే ఈ బొమ్మను కొనేవారుండరు. అమ్ముడైన బొమ్మ మంటల్లో నిమిషాల్లో బూడిదవుతుంది. అమ్ముడుపోనిది పనివారికి నష్టంగా మిగులుతుంది.